ట్రే కింద చెయ్యి

బావకి,

నీ పంతులమ్మ రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అత్తా, బాల్కనీలో నువ్వు నాటి వెళ్లిన నిమ్మ మొక్కా ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ, నీ ఓడా, నీ పొయ్యీ కులాసా అనే నమ్ముతున్నాను. కూరలో ఉప్పెక్కువైనప్పుడల్లా "సముద్రపు గాలి అండీ" అని తప్పించుకుంటున్నానని రాశావు చూడు, అది చదివి వినిపిస్తే అమ్మ పడీ పడీ నవ్వింది. "మా అన్న కొడుకు చిన్నప్పట్నుంచీ అంతే. ఏ తప్పూ వాడిది కాదు, గాలిది" అంది.

అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, కానీ మెట్లెక్కేటప్పుడు మెట్టుకో తిట్టు మాత్రం తప్పదు. వంటింటి కుళాయి కారడం ఆగింది. ప్లంబర్ రేపూ మాపూ అంటూ తిప్పించుకుంటే నేనే వాషర్ మార్చాను, కాబట్టి మెచ్చుకోలు నాకే రావాలి. ఇక నా కాలేజీ ఉద్యోగం పర్మనెంట్ అయిందా, ఈ ప్రయాణంతో ఓడ దిగి వచ్చేయనా అని అడిగావు. దానికీ జవాబుంది. కాస్త ఓపిక పట్టు. ముందే రాస్తే మిగతాది చదవవు.

"పాఠాలు చెప్పేవాళ్లకి మళ్లీ పాఠాలేంటి?" అని వెక్కిరించావు కదా. కొత్తగా రీసెర్చ్ విద్యార్థుల్ని తీసుకున్న మాలాంటి వాళ్లని శనివారాలు కూర్చోబెట్టి, రిటైరైన ఒక పెద్ద మేడమ్ నేర్పిస్తారు. క్లాసులో పాఠం చెప్పడం వేరు, ఒక మనిషి తనంతట తను ఆలోచిస్తుంటే పక్కన ఉండటం వేరు అంటారావిడ. మొదటి రోజు ఇద్దరిద్దర్ని జంటలు చేశారు. ఒకరు తమ ఇబ్బంది చెప్పాలి, రెండోవాళ్లు సలహా ఇవ్వకూడదు, అడగాలి అంతే. నా జంట ఒక లెక్కల మాస్టారు. పాపం ఆయన "మా విద్యార్థి ఒకడు..." అన్నాడో లేదో, నేను అందుకుని ఏం చెయ్యాలో గడగడా చెప్పేశాను. పెద్ద మేడమ్ వెనకే నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్, ఆయన జబ్బేమిటో ఇంకా చెప్పనేలేదు. నువ్వు మందు కూడా మింగించేశావు" అన్నారు.

ఆవిడ మాకు నేర్పింది ఒకటే ప్రశ్న: "నువ్వేమనుకుంటున్నావు?" అది అడిగి నోరు మూసుకుని కూర్చోవాలి. జవాబు వచ్చేదాకా. గది ఎంత నిశ్శబ్దంగా ఉన్నా సరే. ఇంటికొచ్చి చెబితే అమ్మ బుగ్గలు నొక్కుకుంది. "నువ్వా? మాట్లాడకుండానా? జీతమిచ్చి మరీ నీ నోరు మూయిస్తున్నారంటే వాళ్లు మహానుభావులే!"

నవ్వుకో. కానీ బావా, మన రెండిళ్లలోనూ కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. తెలియదు అంటే ఎక్కడ బయటికి పంపేస్తారో అన్న భయంతోనే ఇంతదాకా వచ్చాను. ఎవరు ఏం అడిగినా గబుక్కున జవాబు చెప్పేయడం అలా అంటుకున్న రోగం.

నా మొదటి రీసెర్చ్ విద్యార్థిని గురించి ఇదివరకు రాశాను, గొంతు బయటికి రాని పిల్ల, అమ్మ పిట్ట అని పేరు పెట్టింది. వాళ్లింట్లోనూ చదువుకున్నవాళ్లు లేరు. ఆదివారాలు మనింటికి వచ్చేది. నా ముందు "అవును మేడమ్, కాదు మేడమ్" తప్ప మాట్లాడదు గానీ, అమ్మ పక్కన కూరగాయలు తరుగుతూ వాగుడుకాయ అయిపోయేది. ఇద్దరూ కలిసి నా నడక మీద కూడా జోకులేసుకునేవాళ్లు.

ఆమధ్య ఆ పిల్ల రావడం మానేసింది.

"పిట్ట రావట్లేదేం? నువ్వేమన్నా అన్నావా?" అంది అమ్మ.

"నేనేం అన్లేదు."

"అనకపోతే ఎందుకు రాదే?"

అన్నాను, బావా. ఏమన్నానో మొదట్నుంచీ చెబుతాను.

నాకు డాక్టరేట్ తెచ్చిపెట్టిన ప్రయోగం నీకు గుర్తుంది కదా, వానపాములది. మట్టి నింపిన ట్రేకి ఒక పక్క కింద చిన్న మోటారు పెట్టి అదిరించేదాన్ని. వానపాములన్నీ రెండో పక్కకి పాకిపోయేవి. అదురు తెలిసి పారిపోతున్నాయని రాశాను. నా పేరు నలుగురికీ తెలిసింది ఆ పేపరు వల్లే, ఈ ఉద్యోగం వచ్చిందీ దానివల్లే. చెయ్యి అలవాటవుతుందని పిట్టతో మొదట ఆ ప్రయోగమే మళ్లీ చేయించాను.

"మేడమ్, కొంచెం తేడాగా వస్తోంది. అదురు మొదలవగానే కదలట్లేదు, చాలాసేపటికి గానీ పాకట్లేదు" అంది.

"మట్టిలో తడి సరిగ్గా లేదేమో. మళ్లీ చెయ్యి" అన్నాను.

మళ్లీ చేసింది. మళ్లీ అదే తేడా వచ్చింది. "మోటారు సరిగ్గా బిగించలేదేమో" అన్నాను. మూడోసారి నా చెయ్యి పట్టుకుంది. నేనంటే అంత భయపడే పిల్ల నా చెయ్యి పట్టుకుని ట్రే కిందికి తీసుకెళ్లి, మోటారు ఉన్న చోట ఆనించింది. వెచ్చగా ఉంది. పక్కనే ఇంకో ట్రే. దానికి మోటారును దూరంగా పెట్టి, మధ్యలో చెక్క బిగించింది. మట్టి అదురుతోంది, వేడి మాత్రం లేదు. వానపాములు ఎక్కడివక్కడే హాయిగా ఉన్నాయి.

అవి పారిపోయింది అదురుకి కాదు, వేడికి. అన్నేళ్లు ఆ ట్రే ముందు కూర్చున్నాను, ఒక్కసారి కూడా కింద చెయ్యి పెట్టి చూడలేదు.

అప్పుడు నేనన్నది ఇది: "సరే, చూద్దాం. ప్రస్తుతానికి ఎవరికీ చెప్పకు."

ఉద్యోగం పర్మనెంట్ చేసే కమిటీ అప్పటికి ఇంకో నెలలోనే ఉంది. ఆ పేపరు గట్టిగా నిలబడితే నా ఉద్యోగం నిలబడుతుంది, నువ్వు ఇంటికొస్తావు. నా తలలో ఉన్నది అంతే. నీ చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నట్టే ఊహించుకుంటూ తిరిగాను.

అమ్మ అడిగిన మర్నాడు ల్యాబుకి వెళ్లాను. పిట్ట ట్రేల్లోని మట్టి గోనెసంచిలోకి ఎత్తేస్తోంది. డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో చెప్పాల్సింది తయారు చేసుకుంది. చూపించమంటే చూపించింది. చివర రాసుకున్న మాట ఇది: నా చేతి లోపం వల్ల ప్రయోగం విఫలమైంది.

"ఇలా ఎందుకు రాశావు?"

"మీకు వచ్చింది, నాకు రాలేదంటే నా చేతిలోనే ఏదో ఉందేమో మేడమ్."

నువ్వు తప్పుని సముద్రం మీదికి తోస్తావు. సముద్రం మొయ్యగలదు. నేను తోసింది ఒక పిల్ల మీదికి.

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. "నిజంగా నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగాను. నోరు మూసుకున్నాను. అమ్మ నమ్మదు గానీ నిజంగా మూసుకున్నాను. ఫ్రిజ్ మోత వినబడుతోంది. ఎవరో కారిడార్‌లో నవ్వుకుంటూ పోయారు. నాలుక మీదికి పది మాటలు వచ్చాయి, పదీ మింగాను.

చివరికి గోనెసంచి వైపు చూస్తూ అంది, "మీ ప్రయోగం తప్పనుకుంటున్నాను మేడమ్."

"నేనూ అదే అనుకుంటున్నాను. మట్టి మళ్లీ ట్రేల్లో పొయ్యి" అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ మట్టి చేతులతో కళ్లు తుడుచుకోవడం వల్ల ఎవరు ఎక్కువ ఏడ్చారో తేలలేదు.

సెమినార్‌లో మా హెడ్ గారు కనుబొమలెత్తి, "అంటే మీ గైడ్ పేపరే తప్పంటావా?" అని అడిగారు. పిట్ట నా వైపు చూసింది. ఆ క్షణంలో నేను లేచి సర్దిచెప్పడం చాలా తేలిక. లేవలేదు. పిట్ట ఆయన వైపు తిరిగి, "అవును సార్, చూపిస్తాను" అంది. వెనక బెంచీ దాకా వినబడింది, బావా! ఆ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో.

సవరణ రాసి ఆ పత్రికకి పంపేశాం. మొదటి పేరు పిట్టది, తర్వాత నాది. కమిటీకి కూడా నేనే వెళ్లి చెప్పాను. వాళ్లు మర్యాదగానే విన్నారు. మర్యాదగానే వచ్చే ఏడాది చూద్దామన్నారు. అందాకా కాంట్రాక్టే. నువ్వడిగినదానికి జవాబు ఇదీ. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. నీ గొంతు వింటే చెప్పలేకపోయేదాన్ని.

నిన్న ఆదివారం పిట్ట వచ్చింది. ఇద్దరూ వంటింట్లో నా మీద జోకులేసుకుంటుంటే హాల్లో కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇంకో ఏడాది ఆగమని ఒకసారి రాశాను, ఏదైతే అదయింది వచ్చేయమని ఇంకోసారి రాశాను. రెండూ చింపేశాను. ఓడ మీద ఉండేది నువ్వు, దిగేది నువ్వు. ఎప్పుడు దిగాలో మాత్రం ఇన్నాళ్లూ నేనే చెబుతూ వచ్చాను, నిన్ను ఒక్కసారీ అడగకుండా.

నువ్వేమనుకుంటున్నావు బావా?

ఇట్లు,
జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చునే
నీ ఇల్లాలు