చిలకల గదికి సున్నం

మార్చి 28

మళ్ళీ అదే గొడవ. ఇల్లు ఇద్దరి పేరునా కొన్నాం, రంగులు మాత్రం ఈయనొక్కరే చెప్పాలట. రంగుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. ముందు గదికి క్రీము, వంటింటికి నారింజ... "పడకగదికి పెయింటు కాదు, వాల్‌పేపరు. ఇప్పుడంతా అదే." నన్ను అడగలేదు. చెప్పారంతే.

ఆ గది అమ్మకి అని కొనకముందే చెప్పాను. కామందుగారి పిల్లలు ఈ పాత ఇల్లు అమ్మేస్తున్నారని తెలిసి, ఆ గది కోసమే కొందామన్నాను. లేకపోతే అమలాపురంలో నాకు ఫ్లాటు దొరక్కా?

ఏప్రిల్ 1

గది ఊడ్పించాను. ఎత్తైన గోడలు. దూలాల కింద చుట్టూ గచ్చుతో పోసిన తీగ, ద్రాక్షగుత్తులు, నాలుగు మూలలా నాలుగు చిలకలు. ఒక దాని ముక్కు విరిగింది. బూజు దులిపితే పాత సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది — తెలుపు కింద లేత నీలం, దాని కింద మళ్ళీ తెలుపు.

ఆ సున్నం కలిపింది అమ్మ. కామందుగారి రోజుల్లో ఏటా పంట నూర్పిళ్ళయ్యాక అదే పని. సున్నపు గుల్ల నానబెట్టి, పాత చీరలో వడగట్టి, జిగురూ నీలిమందూ కలిపి, బకెట్లతో మోసుకొచ్చి ఈ గుమ్మం దగ్గర దింపేది. అంతవరకే. మాలాంటివాళ్ళు గడప తొక్కకూడదు. లోపల వేసేవాళ్ళు వేరు. అమ్మ బయటి గోడలకీ పశువుల పాకకీ వేసేది. చిలకల సంగతి నాకు చెప్పింది తనే. గుమ్మంలోంచి చూస్తే రెండే కనపడేవట. అవతలి మూలల్లో ఏమున్నాయో తనకి తెలియదు.

ఈ గదికి మళ్ళీ సున్నమే వేయిస్తాను. అదే లేత నీలం. పనివాళ్ళు వేస్తుంటే అమ్మ లోపల కుర్చీ వేసుకుని చూడాలి. ఇందులో అర్థం కానిదేముంది ఈయనకి?

ఏప్రిల్ 2

"ఆ చిలకలు కొట్టించేద్దాం. గోడ చదునుగా ఉంటే పేపరు బాగా కూర్చుంటుంది." అన్నం సగంలో లేచిపోయాను.

ఏప్రిల్ 6

సత్తిబాబు వచ్చాడు, మా చర్చికి రంగులు వేసే పెయింటరు. గోటితో గోడ గీకి చూశాడు. "సున్నం గోడండి ఇది. పుట్టీ నిలవదండి. పేపరైతే అసలే వద్దండి. వానాకాలం చెమ్మ లాగేత్తాదండి, మన గోదారి గాలికి."

ఈయన వైపు చూశాను. ఫోను చూసుకుంటున్నారు.

"అయితే సున్నవే వేయించుకుంటారా టీచరుగారు?"

"సున్నమే."

"ఆయ్. గుల్ల ఎక్కడ దొరుకుద్దో కనుక్కుంటానండి. ఇప్పుడెవరు వేయించుకుంటన్నారండీ..."

అతను వెళ్ళాక ఈయన అసలు మాట బయటపెట్టారు. "రంగులయ్యాక పెట్టే గృహప్రవేశం ప్రార్థనకి పాస్టరుగారొస్తారు, మా బ్యాంకువాళ్ళొస్తారు. మీ అమ్మ ఇక్కడ సున్నం మోసిందని అందరికీ గుర్తుచెయ్యాలా?"

అదీ సంగతి. సిగ్గు! మా అమ్మ మోసిన సున్నంతోనే నేను బి.ఇడి. చదివాను. ఆ టీచరు ఉద్యోగం చూసే కదా అయ్యగారు పెళ్ళిచూపులకి వచ్చింది! పైకి అనలేదు. అనాల్సింది. ఇక్కడ రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 8

టెన్త్ పేపర్లు దిద్దడానికి కాకినాడ డ్యూటీ. తొమ్మిది రోజులు. గదికి తాళం వేశాను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో. యాభై మూడేళ్ళొచ్చి చిన్నపిల్లలా ఈ పనులేమిటని అనిపించింది. అనిపించనీ.

ఏప్రిల్ 17

సాయంత్రం కాకినాడ నుంచి దిగాను.

రెండో తాళంచెవి ఉందట. నాకు తెలియదు. తలుపు బార్లా తీసి గుమ్మంలో నిలబడి "సర్‌ప్రైజ్!" అన్నారు.

నాలుగు గోడలకీ పేపరు. దాని నిండా కొబ్బరిచెట్లు. సముద్రం, ఇసుక, వంగిన కొబ్బరిచెట్లు! కిటికీ తెరిస్తే చేతికందేంత దూరంలో తోట. కోనసీమలో కాపురముంటూ, కొబ్బరిచెట్టు బొమ్మ కొనుక్కొచ్చి గోడకి అంటించుకున్న మనిషి ఈయనొక్కరే అయ్యుంటారు.

చిలకల్ని కొట్టించలేదు. "నీ మాట విన్నాగా" అంటారు. విన్నారు పాపం. వాటికి బంగారు రంగు ఎనామిల్ పూయించారు. తీగకీ, ద్రాక్షలకీ కూడా. కల్యాణమండపం స్టేజీలా ఉంది. విరిగిన ముక్కుకి సిమెంటు ముద్ద.

"ఎవర్నడిగి చేయించారు?"

"నా ఇంట్లో నేనెవర్నడగాలి?"

నా ఇంట్లో. ఆ మాటే అన్నారు. రాసిపెట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 18

మాట్లాడలేదు.

ఏప్రిల్ 19

చర్చిలో పక్కపక్కనే కూర్చున్నాం. క్షమించడం గురించి ప్రసంగం. పాస్టరుగారికి ఈ వారమే దొరికిందా ఆ వాక్యం?

మే 12

ఎదురింటావిడ వచ్చి చూసి, "రిసార్టులా ఉందండీ, మాస్టారి టేస్టే వేరు" అంది. బ్యాంకు ఆయన మాస్టారెప్పుడయ్యారో! ఈయన మురిసిపోతూ లైట్లన్నీ వేసి చూపించారు. పట్టపగలు. నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టాను. వినపడాలనే.

మే 30

మధ్యాహ్నం కుండపోత. సాయంత్రానికి పడమటి గోడ మీద పేపరు బొబ్బలెక్కింది. ఒక కొబ్బరిచెట్టు మొదలంటా ఊడి వేలాడుతోంది. సంతోషించాను. ఈ పుస్తకంలో కూడా దాచుకోవడం దేనికి — చాలా సంతోషించాను.

ఈయన బొబ్బని వేలితో నొక్కుతూ నిలబడ్డారు. ఇక్కడ నొక్కితే అక్కడ లేస్తోంది. "గమ్ము సరిగ్గా పెట్టలేదు వెధవలు." వెధవలట.

సత్తిబాబుకి ఫోన్ చేశాను. "ఆయ్, గుల్ల దొరికిందండి. ఇయ్యాళే గోలెంలో నానేసేత్తానండి. వారం నానాలండి. పేపరు పీకేసి, చిలకల మీద ఎనామిలు గీకేసి మొదలెట్టేద్దారండి." పదో తారీఖున గృహప్రవేశం ప్రార్థన అన్నాను. "దేవుడి దయుంటే అయిపోద్దండి."

జూన్ 4

ఈయనకి చెప్పేశాను. పేపరు పీకించేస్తున్నాను, ఎనిమిదో తారీఖున పని మొదలు, అని. టీవీ సౌండు పెంచారు.

జూన్ 6

అల్లవరంలో తమ్ముడింటికి వెళ్ళి అమ్మని తీసుకొచ్చాను. పని మొదలయ్యేలోపు గది చూపించాలని. అల్లుడుగారి నిర్వాకం చూపించాలని కూడా. ఆ బుద్ధీ ఉంది నాకు.

గడప దగ్గర ఆగిపోయింది. చెప్పులు విడిచింది. కాళ్ళు చూసుకుంది. "రా అమ్మా" అన్నాను. తలుపు పట్టుకుని మెల్లగా లోపలికి అడుగు పెట్టింది. గది మధ్యకి వెళ్ళి తలెత్తి చుట్టూ తిరిగి చూసింది.

"నాలుగున్నాయే!"

ఏడుపొచ్చింది నాకు. అంతవరకూ బాగానే ఉంది.

తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి పేపరు అరచేత్తో తడిమింది. "ఎంత బాగున్నాయే ఈ చెట్లు. అల్లుడుగారు పెట్టించేరా?"

"అది పీకించేస్తున్నానమ్మా. సున్నం వేయిస్తాను. నువ్వు కలిపేదానివే, ఆ నీలం."

చెయ్యి వెనక్కి తీసుకుంది. "సున్నవా? ఎందుకే?"

"నీ కోసమే."

"నాకెందుకే సున్నం! వేళ్ళ సందులు తినేసి పుళ్ళు పడిపోయేయి. చేత్తో అన్నం కలుపుకోలేకపోయేదాన్ని. చంటిదానివి, నిన్నెత్తుకుందావన్నా భయమే, ఎక్కడంటుకుంటాదోనని. ఆ వాసనొత్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. నన్నడిగేవా నువ్వు?"

అమ్మ మళ్ళీ గోడవైపు తిరిగింది.

"ఈ చెట్లకయితే కాయ దింపక్కల్లేదు, పీచు తియ్యక్కల్లేదు. పడుకుని చూసుకోడవే."

ఈయన వసారాలో కూర్చుని అంతా విన్నారు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టడానికి.

జూన్ 7

ఒళ్ళంతా కోపంగా ఉంది.

పొద్దున్నే అమ్మ గంజి అడిగింది. తాగడానికనుకున్నాను. ఊడిన చెట్టుకి గంజి రాసి, కొంగుతో వత్తి అంటించింది. నిలవదు. వానలు ఇంకా ముందున్నాయి. సున్నం గోడ సంగతి నాకంటే తనకే బాగా తెలుసు. గోడ పాడైపోతుందమ్మా అన్నాను. "పాడవనీ" అంది. హాయిగా అంది.

రంగు నన్నడగలేదని రెండు నెలలుగా ఈయన్ని దుమ్మెత్తిపోస్తున్నాను. ఇప్పుడు వెనక పేజీలు తిప్పి చూశాను. అమ్మ గది, అమ్మ గది అని రాసుకున్నాను. అమ్మనడిగానని ఒక్కచోటా లేదు.

అయినా తగ్గడం లేదు కోపం. ఆ నీలం కావాలి. నాకు కావాలి. ఈ మాట ఇలా రాయడం ఇదే మొదలు.

సత్తిబాబుకి రావద్దని చెప్పాలి. ఫోను రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. చెప్పలేదు.

జూన్ 8

ఉదయం ఎనిమిదింటికే వచ్చేశాడు సత్తిబాబు. వడగట్టి, నీలం కలిపి, బకెట్టు నిండా తెచ్చాడు. గుమ్మం దగ్గర దింపి నిలబడ్డాడు.

తలుపు నెట్టాను. రాలేదు. అమ్మ లోపల గొళ్ళెం పెట్టుకుంది.

"అమ్మా, సత్తిబాబు వచ్చాడే."

"ఉండమను. పడుకున్నాను."

ఎండ కిటికీ దాకా వచ్చింది. మళ్ళీ పిలవలేదు నేను. ఈయన బ్యాంకుకి వెళ్తూ బకెట్టు పక్కనుంచి తప్పుకుని వెళ్ళారు.

"ఏం చెయ్యమంటారండి టీచరుగారు? సున్నం పేరుకుపోద్దండి."

కాఫీ ఇచ్చాను. తాగాడు. గ్లాసు ఇచ్చేసి, కర్ర పెట్టి సున్నం మళ్ళీ కలిపి, గడప ఇవతలే నిలబడ్డాడు.