వినేవాళ్లు లేని పోర్టు

చెల్లెమ్మా,

ఫోన్లో అడిగితే నువ్వు ఏడుస్తావు, నేను అడ్డమైన జోకేదో వేస్తాను, పని కాదు. అందుకే ఉత్తరం.

బావ పోయేముందు రాసిన ఆఖరి కోడ్ మార్పును రివ్యూ చేసే పని నా నెత్తిన పడింది. పదో తరగతి గట్టెక్కనివాడు బావ కోడ్‌కి తప్పులు పట్టడమేమిటని నవ్వకు. కేబుళ్లు లాగేవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ విద్య నేర్పింది ఆయనే. నెట్‌వర్క్‌లో వచ్చే చిన్న సందేశాల్లో, అదే ప్యాకెట్లలో, కొన్నిటిని కంప్యూటర్ లోపలి కెర్నెల్ అనే మూల ప్రోగ్రాం నోరెత్తకుండా పారేస్తుంది. పంపినవాళ్లు అక్కడ ఎదురుచూస్తూ ఉండాల్సిందే. బావ మార్పు పెడితే, పారేసిన ప్రతిదానికీ అది కారణం చెప్పి తీరాలి.

ఆయన ఆఫీసు మెషీన్‌లోనే పెట్టి చూశాను. రోజూ సాయంత్రం ఒకే ఒక్క ప్యాకెట్ వస్తోంది. కెర్నెల్ దాన్ని పారేసి, అది వచ్చి తట్టిన తలుపు దగ్గర, అదే ఆ పోర్టులో, వినేవాళ్లు లేరంటోంది. పంపిన అడ్రస్ రెండుసార్లు సరిచూశాను. అది మీ ఇంటిది. బావ గదిలోని కంప్యూటర్‌ది.

"ఇదీ మీ కోతిచేష్టేనా?" అంది మా టీమ్ లీడర్. అందరి మౌస్‌ల కిందా టేపు అంటించినవాడి మాట ఎవరు నమ్ముతారు? నాన్నా పులి కథైంది నా బతుకు.

"ఒట్టు మేడమ్, ఈసారి నేను కాదు."

"అయితే ఈ మార్పే అబద్ధం చెబుతోంది. ఆ ప్యాకెట్ సంగతి తేలకపోతే తిప్పి పంపేస్తాం."

తిప్పి పంపితే సరిచేయడానికి ఆయన లేడు కదే! ఆఖరి పని చెత్తబుట్ట పాలవుతుంది.

ఆ గదికి తాళం వేశానన్నావు. మరి పంపేదెవరు? జనాన్ని జడిపించడమే పనిగా బతికినవాణ్ని, సాయంత్రమైతే ఆ స్క్రీన్ వంక చూడలేకపోతున్నాను. ఒక్కసారి తలుపు తీసి చూడవూ?

నీ కోతన్నయ్య

*

కోతన్నయ్యకు,

పరామర్శకొచ్చేవాళ్లు దూరకుండా తాళం వేశానని చెప్పాను. నేను రోజూ వెళ్తూనే ఉన్నాను.

ఆ ప్యాకెట్ నాదే. పెళ్లైన కొత్తలో ఆయన నాకో కమాండ్ నేర్పారు. సాయంత్రం అది కొడితే ఆఫీసులో ఆయన మెషీన్ గంట కొట్టేది. "బయల్దేరుతున్నా" అని జవాబొచ్చేది. ఇప్పటికీ కొడుతున్నాను. జవాబు రాకపోతే, దారిలో ఎక్కడో చిక్కుకుంది, చేరలేదు అనుకుని మర్నాడు మళ్లీ కొడతాను.

చేరుతోందని నువ్వు రాశాకే తెలిసింది.

నీ బుద్ధి నాకు తెలుసు. ఆయన మాటలతో నువ్వు జవాబు పంపావో, నీ మొహం చూడను.

చెల్లెలు

*

చెల్లెమ్మా,

నీ ఉత్తరం సగం చదివేసరికే ఆ జవాబు పంపే నాలుగు లైన్లు మనసులో రాసేసుకున్నాను. మిగతా సగం చదివి చెరిపేశాను.

ప్యాకెట్ నిజం, పంపింది మా చెల్లెలు, గంట కొట్టే ప్రోగ్రాం బావతోనే ఆగింది కాబట్టి చెప్పిన కారణమూ నిజమేనని లీడర్‌తో అన్నాను. ఆవిడ "ఒప్పుకుంటున్నట్టు రాసేయండి" అంది. బావ పేరు కింద రివ్యూ చేసినవాడిగా నా పేరు రాశాను.

నిన్న సాయంత్రం ఆ స్క్రీన్ ముందే కూర్చున్నాను. నీ ప్యాకెట్ రాలేదు. అందరూ వెళ్లిపోయినా చూశాను. పారేసినవాటికైతే బావ మార్పు కారణం చెబుతుంది. అసలు పంపనిదానికి ఎవరిని అడగాలే?

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. నేనే పట్టుకొస్తున్నాను. బెల్లు కొడితే తలుపు తియ్యి. ముందు నీ మొహం చూడనీ, తర్వాత తిట్టుకుందువుగాని.

అన్నయ్య