ఇంచుల పానాలు

శుక్రవారం రాత్రి, హుజూరాబాద్.

నా పెనిమిటి రాజం ప్రాణం తీసిన పాత ఇంగ్లీషు కారును మిస్త్రీ మల్లయ్య మళ్లీ బాగుచేస్తున్నాడట. ఇవాళ సిగ్గులేకుండా ఇంటికొచ్చాడు.

"అక్కా, రాజం ఇంచుల పానాలు ఇయ్యి. ఇంగ్లీషు కారు నట్లకు గవే పడతయ్. గీసారి చక్రానికి సరైన నట్లే బిగిస్త."

"మరి గాసారి ఏం బిగించినవ్ రా?"

తల వంచుకున్నాడు. "ఇంచుల నట్టు దొరకలే. మిల్లీమీటర్ నట్టు పెడితే రెండు మరలే పట్టింది. నడుస్తది అనుకున్న."

చక్రం ఊడింది అందుకా! రాజం జోరుగా తోలి చచ్చాడని ఊరంతా అంటుంటే, దినాల నాడు నా ఇంట్లో అన్నం తింటూ వీడూ అవునన్నాడు.

"రేపు బజార్ల నిలబడి గీ మాట అందరికీ చెప్పు. అప్పుడిస్త పానాలు" అన్నాను.

వెళ్లిపోయాడు. చెప్పకపోతే నేనే పోయి ఆ కారు ముందు కూర్చుంటాను. నన్ను తొక్కించి తోలుకోనీ...