కౌంటరులోని కత్తులు తిరిగి ఇవ్వకుండుట గురించి

గ్రంథాలయ శాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా పేట పార్కు గ్రంథాలయపు సామాన్ల కౌంటరులో ఉన్న కత్తులను సొంతదారులకు అప్పగించవలెనన్న ఉత్తర్వును రద్దు చేయుట గురించి.

సదరు కౌంటరు అటెండరు వ్రాసుకొను మనవి:

1. మా పై వీధికీ కింది వీధికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అయినను ఉద్యోగ ప్రకటనల కోసం రెండు వీధుల కుర్రాళ్ళూ మా పేపరు బల్ల దగ్గరకే రావలెను. సంచులు బయట పెట్టి టోకెను తీసుకోవలెనన్న నిబంధనను నేను కత్తులకు కూడా వర్తింపజేసితిని. "ఏరా, నడుము దగ్గర ఏంటది? ఇక్కడ పెట్టి లోపలికి పో" అంటే పెట్టేవారు. ఒకే పేపరును పేజీలు విడదీసుకుని చదివేవారు. తిట్టుకునేవారు గానీ పొడుచుకోలేదు.

2. నేను జ్వరంతో సెలవు పెట్టిన దినమున తమరు పంపిన గుమాస్తా గారు, కత్తులన్నీ ఒకటేనని తలచి, టోకెన్లు చూడక ఇద్దరికి తారుమారుగా ఇచ్చిరి. పార్కులో పై వీధివాడు తన కత్తిని కింది వీధివాడి చేతిలో చూశాడు. "మా తాత కత్తి నీ దగ్గరెందుకుందిరా దొంగనాకొడకా?" అన్నాడు. తరువాత ఇరువైపులవారూ ఉయ్యాల గొలుసులు ఊడబీకి బాదుకున్నారు. మా పేట టైలరు గారి తమ్ముడు కత్తిపోటు పడిన కడుపు పట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చి, పేపరు బల్ల మీదే ప్రాణం విడిచాడు. నిఘంటువు గుండెకు అడ్డం పెట్టుకున్న ఇంకొకడు బతికాడు. సదరు నిఘంటువు చిరిగినందుకు నా సంజాయిషీ కోరియున్నారు. మనిషి పోయినందుకు ఎవరినీ ఏమీ కోరలేదు.

3. మిగిలినవారు పారిపోగా వారి కత్తులు నా బీరువాలోనే ఉన్నవి. సోమవారంలోగా వాటిని అప్పగించి కౌంటరు ఎత్తివేయమని తమ ఉత్తర్వు. "అత్తా, ఆర్డరొచ్చిందంట కదా, మా కత్తి మాకియ్యి" అని గేటు దగ్గర టోకెన్లు చూపిస్తున్నారు. కొత్తవి కొనుక్కోలేరా అని తమరు అడగవచ్చును. కొనుక్కోనివ్వండి. నా చేత్తో మాత్రం ఇవ్వలేను. వీళ్ళందరూ నా కళ్ళముందు పార్కులో జారుడుబల్ల ఎక్కిన పిల్లలు.

కావున కత్తులను తమ కార్యాలయమునకే జమ చేయించుకొని, కౌంటరును ఉంచవలెనని, ఇంకో శవం లేవక ముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కౌంటరు అటెండరు

తా.క.: ఎడమ చేత్తో రాసినందున అక్షరాలు వంకర పోయాయి, మన్నించండి. నిన్న నా కొడుకు కూడా టోకెను తెచ్చాడు. "అమ్మా, అందరిలాగే అడుగుతున్నా, ఇచ్చెయ్" అన్నాడు. ఇవ్వనన్నాను. తాళంచెవి కోసం కుడి చెయ్యి విరిచాడు. అయినా ఇవ్వలేదు. తాళంచెవి ఈ కవరులో పెట్టాను, తమరి దగ్గరే ఉంచుకోండి. వాడు మళ్ళీ వస్తాడు. కొడితే ఓర్చుకున్నాను గానీ, ఏడిస్తే ఇచ్చేస్తాను.