రెండు కెమెరాల మధ్య

అన్నయ్యా, ఒంట్లో కులాసాగానే ఉంది, మనసే ఒకచోట నిలవడం లేదు. స్టూడియోకు ఖరీదైన డిజిటల్ కెమెరా ఎంచుకునే పని యజమానురాలు నా నెత్తిన పెట్టింది. ఇకమీదట ఫొటోలు, వీడియోలు రెండూ నేనే తీయాలట. "వాడేదానివి నువ్వు, ఎంచుకునేదీ నువ్వే. తర్వాత కెమెరా మంచిది కాదంటే వినను. ఇంకొకర్ని చూసుకుంటా" అంది.

ఇవాళ మూడోసారి దుకాణానికి వెళ్లాను. నచ్చిన రెండింటిలో ఒకటి ఫొటోలకు బ్రహ్మాండం, కానీ గంటసేపు వీడియో తీస్తే వేడెక్కి ఆగిపోతుంది. రెండోది ఆగదు, ఇటుకంత బరువు. దానితో వీధిని తీస్తే బొమ్మంతా వణికింది. "ఇందులో ఏదో లోపముంది" అన్నాను. దుకాణదారు నవ్వాడు. "లోపం దానిలో కాదమ్మా. ముందు ఊపిరి తీసుకో, మొహం కందిపోయింది." బటన్ నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టమని నేర్పింది నువ్వే కదా. వీడియో తీసినంతసేపూ అలాగే బిగబట్టి నిలబడ్డాను.

మనింటి బీరువాలోని నాన్న లెన్సులు మొదటిదానికి సరిపోతాయి. బూజు పట్టిందేమో వెలుతురుకు పెట్టి చూడు. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా?

వచ్చే వారం మూడు గంటల నాట్య ప్రదర్శన తీయాలి. మధ్యలో ఆగిపోతే, ఆడేవాళ్లను మళ్లీ ఆడమనలేను. వణుకు నాది, నేను మాన్పుకోగలను. ఆగిపోయేదాన్ని ఏం చేయను? రేపే వెళ్లి రెండోది తెస్తాను. దానికి నాన్న లెన్సులు సరిపోవు, ఇక వెతకొద్దు, నీ దగ్గరే ఉండనీ. వదినకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నీ చెల్లెలు