అన్నయ్య మీదికి రాని అల

ఆదివారం, రాత్రి

ఈరోజు మా పేటలో గుండె పరీక్షల క్యాంపు పెట్టి, ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా ఈసీజీ తీశారు. నా కాగితం డాక్టరమ్మ రెండుసార్లు చూసింది.

"గీత కాస్త తేడాగా ఉందమ్మా. మీ ఇంట్లో ఈతొచ్చినవాళ్లు ఎవరైనా నీళ్లలో ఉన్నట్టుండి చనిపోయారా? ఇలాంటి గుండె నీళ్లలో దూకినప్పుడు ఒక్కసారిగా ఆగిపోవచ్చు, ఇది రక్తసంబంధంలో వస్తుంది" అంది.

నా వెనకే లైన్లో వదినా, పేట ఆడవాళ్లూ ఉన్నారు.

"మా అన్నయ్య పోనాడమ్మా. పెద్ద అలొచ్చి తెప్ప తిరగబడిపోనాది" అన్నాను.

అబద్ధం. ఆరోజు సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. చిక్కుకున్న వల విడిపించడానికి ఒడ్డు దగ్గరే దూకిన అన్నయ్య మళ్లీ పైకి రాలేదు. నేనూ నాన్నా చూశాం. చేపల వేట చేసుకునే ఇంటి మగాడు కదలని నీళ్లలో మునిగాడంటే నలుగురూ నవ్వుతారని నాన్న ఆ అలను కల్పించాడు. వదిన కూడా దాన్నే నమ్మింది.

డాక్టరమ్మ "అయితే అది ప్రమాదమే, గుండె జబ్బు కాదు" అని రాసుకుని, ఏడాది తర్వాత మళ్లీ రమ్మంది.

బయట వదిన అడిగింది. "సీతా, మా సూరిగాణ్ణి కూడా రమ్మందునా? బాగున్నాడు కదా అని పిలవనేదు."

"ఆడికెందుకు వదినా. నాకే ఏడాదిదాకా పరవానేదన్నారు."

ఆ మాట దిద్దుకోవడానికి ఇంటిదాకా దారి ఉంది. దిద్దుకోలేదు. అన్నయ్యకు వాడొక్కడే కొడుకు.

ఇందాక సూరి వచ్చి, వల సర్దుకుంటూ అన్నాడు. "అత్తా, రేపు వేటకెల్తన్నాను. అలే నేదంట, భయమేటి?"

నేను తలూపాను.