ఎస్తోనియా అడవిలో సిగ్నల్

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పాట షూటింగుకని డాన్సర్లందరం ఎస్తోనియా వచ్చాం. దేశం చిన్నదే గానీ, నడి అడవిలో కూడా ఫోన్లో సిగ్నల్ నిండుగా ఉంది.

"నీ ఫోన్ కలవలే" అంటూ నీ వేషాలన్నీ వేరేవాళ్లకిచ్చిన మేనేజర్ మహానుభావుడూ మాతోనే వచ్చాడు. ఆ మాట నమ్మే కదా, నువ్వు రెండు సిమ్ములు మార్చావు. కృష్ణానగర్‌లో మన గది మీది నీళ్ల ట్యాంకెక్కి రోజూ పొద్దున్నే ఫోన్ పట్టుకుని నిలబడ్డావు.

ఇవాళ నా పక్కనే కూర్చుని, వేషం అడుగుతున్న ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు: "నిన్న నీకు చేసిన తమ్మీ, కలవలే. గీడ అడవి, సిగ్నల్ లేదు. పెట్టేస్తున్న."

పెట్టేసి, అదే ఫోన్లో క్రికెట్ చూస్తూ పల్లీలు నమిలాడు, సిగ్గులేని వెధవ.

నీ ఫోన్‌కు ఏనాడూ ఏ రోగమూ లేదన్నా.